ఇంటి సేవకు లెక్క ఎప్పుడు?

డిగ్రీ అయ్యాక రెండేళ్లు బయోడేటాలో ఖాళీగా కనిపిస్తున్నాయా? ‘ఇన్నాళ్లూ ఏం చేశావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తల దించుకోకండి. పలాస, సోంపేట, కవిటి నుంచి టెక్కలి, భావనపాడు తీరం దాకా, కిడ్నీ జబ్బున్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు జవాబు తెలుసు: ‘నాన్నకి డయాలసిస్ సార్.’ వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నాలుగేసి గంటలు అక్కడే కూర్చోవాలి. నీళ్లు కొలిచి ఇవ్వాలి, ఉప్పు తగ్గించి వేరే కూర వండాలి. ఇది పని కాకపోతే మరేది పని?

ఈ పనికి డబ్బు ముడితే పన్ను పడుతుందా అన్నది చాలామందికి ఉన్న అనుమానం. ముందు అది తేల్చుకుందాం. చెన్నైలోనో వెరావల్‌లోనో పనిచేసే అన్న ఇంటి ఖర్చులకని మీ ఖాతాలో వేసే సొమ్ము బంధువు ఇచ్చిన కానుక కిందే లెక్క, ఎంతైనా పన్ను లేదు. ‘అమ్మను చూసుకో, నెలకింత జీతం’ అని ఒప్పుకుని ఇస్తే మాత్రం అది మీ ఆదాయం. అయినా భయం అక్కర్లేదు. కొత్త విధానంలో 2025-26 సంవత్సరానికి, మామూలు ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను సున్నా.

హోమ్ కేర్ ఏజెన్సీలో చేరేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కాంట్రాక్టు మీదా అని ముందే అడగండి. కాంట్రాక్టు అయితే టీడీఎస్ కోసే అవకాశం ఉంది. పాన్ ఇవ్వకపోతే ఆ కోత 20 శాతం దాకా పోతుంది. ఫారం 26ఏఎస్‌లో చూసుకుని రిటర్న్ దాఖలు చేస్తే, కట్టాల్సిన పన్ను లేనప్పుడు ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. వదిలేస్తే మీదే నష్టం.

అసలు అన్యాయం వేరే చోట ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యానికి చేసే వైద్య ఖర్చు మీద సెక్షన్ 80డీడీబీ కింద రూ.40 వేల దాకా, రోగి సీనియర్ సిటిజన్ అయితే రూ.లక్ష దాకా మినహాయింపు ఉంది. కానీ అది పాత విధానం ఎంచుకున్నవారికే. పైగా పన్ను కట్టేవాడికే మినహాయింపు అక్కరకొస్తుంది. ఉద్యోగం మానుకుని మంచం పక్కన కూర్చున్న చెల్లెలికి దానివల్ల రూపాయి లాభం లేదు. రాష్ట్రం డయాలసిస్ రోగికి నెలకు రూ.10 వేల పింఛను ఇస్తోంది, మంచిదే. అది రోగికి. సేవ చేసే మనిషికి ఏది?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకుల నిర్వచనంలో, జీతం ఉన్నా లేకున్నా, కుటుంబ సభ్యులనూ చేర్చింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పథకం కింద, మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు రూ.600 సాయం పెట్టింది. అమెరికాలో రోగితో ఒకే ఇంట్లో ఉంటూ సేవ చేసేవారికి మెడికెయిడ్ నుంచి అందే కొన్ని చెల్లింపులకు 2014 నుంచి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. అక్కడ ముందు డబ్బిచ్చి తర్వాత పన్ను గురించి ఆలోచించారు. మన దగ్గర ఇచ్చేదే లేదు, ఇక పన్ను మాటెందుకు?

ఉద్దానంలో సంరక్షకుల పేరు మీద, వాళ్ల సొంత ఖాతాలోకే నెలనెలా భత్యం రావాలి. దానిమీద పన్ను ఉండదని ముందే రాసిపెట్టాలి. అప్పుడే ఆ ఏళ్లకు ఓ రుజువు మిగులుతుంది.

అది వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. ఇంట్లో చేసిన సేవను బయోడేటాలో తేదీలతో సహా రాయండి. హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు చేస్తే, నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆదాయం తక్కువైనా రిటర్న్ వేయండి. రేపు బ్యాంకు లోన్ అడిగినప్పుడు, మీరు ఖాళీగా లేరని చెప్పే కాగితం అదే.