కటకం లేని కెమెరా

కెమెరాకు కటకమే ప్రాణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. హంపి విరూపాక్షాలయంలో ఒక చీకటి గది ఉంది. దాని గోడకున్న చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు, ఎదుటి గోడపై రాజగోపురాన్ని తలక్రిందులుగా చూపుతుంది. అక్కడ గాజుముక్క ఒక్కటీ లేదు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది గనుక శిఖరం నుండి వచ్చిన కిరణం క్రిందికి, అడుగు నుండి వచ్చినది పైకి చేరుతుంది. అంతే!

ఆ గోడ ఉన్నచోట డిజిటల్ కెమెరాలోని సెన్సర్‌ను ఉంచితే ఫొటో తయారవుతుంది. చిక్కంతా వెలుగుతోనే. రంధ్రం చిన్నదైతే బొమ్మ నల్లబడుతుంది, పెద్దదైతే అలుక్కుపోతుంది. ఒక్క రంధ్రానికి బదులు ఒక పద్ధతిలో అనేక రంధ్రాలు అమర్చితే? కావలసినంత వెలుగు వస్తుంది, కాని బొమ్మలన్నీ ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమవుతాయి. రంధ్రాల అమరిక ముందే తెలుసు కాబట్టి కంప్యూటరు లెక్కకట్టి అసలు బొమ్మను రాబడుతుంది. ఎక్స్ కిరణాలను గాజు కటకం ఒకచోటికి చేర్చలేదు. అందువల్లనే 2015లో శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో ఇలాంటి రంధ్రాల పలకను అమర్చారు. అదే ఏడాది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారు సెన్సర్‌కు దాదాపు అర మిల్లీమీటరు దూరంలో పలకను ఉంచి, మామూలు వెలుగులోనే ఫొటోలు తీశారు.

ఆ ఫొటోలు కటకంతో తీసినంత స్పష్టంగా లేవన్నది నిజమే. అంతమాత్రాన దానిని ఆటవస్తువుగా కొట్టిపారేయడం తగదు. కటకం ఇమడనంత సన్నని చోట అది పనికివస్తుంది.

ప్రయోగశాల లేని బడిలోనైనా అట్టపెట్టె, సూది, నూనె రాసిన కాగితం దొరుకుతాయి. కటకాల పాఠానికి ముందే పిల్లలచేత సూదిబెజ్జం కెమెరా చేయించాలి. ఆపైన పక్కనే రెండో బెజ్జం పొడిపించి, బొమ్మ ఏమవుతుందో వారినే చూడనివ్వాలి.