పెరటి మాటలు: కొత్త పెట్టకు గూడు అలవాటు చేయుట



వేసవిలో పొదిగించిన పిల్లలు పెట్టలై, నేడో రేపో గుడ్డు పెడతాయని ఎదురుచూసే ఇండ్లు మన గ్రామాలలో ఎన్నో ఉన్నవి. గుడ్లమీద వచ్చే రూపాయి ఇల్లాలి చేతి రూపాయి. పిల్లల నోటుపుస్తకానికి, జ్వరం మాత్రలకు, ఆదివారం కానుకకు ఆమె ఎవరినీ అడగకుండా తీసేది అందులోనుండే. అందుచేత ఈ నెల ఆ కొత్త పెట్టల సంగతి మాట్లాడుకుందాము.

ముందుగా మేము చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవలెను. ఒక ఏడు మా పెరట్లో నాలుగు నాటు పెట్టలు గుడ్డు వయసుకు వచ్చినవి. మూడు గూట్లో పెడుతున్నవి. నాలుగవది, మెడమీద నల్లచుక్కలున్న పెట్ట, ఎంతకూ పెట్టలేదు. ఇది గొడ్డుది, గింజలు దండగ అనుకొని సంతకు తీసుకుపోయి అమ్మివేసినాము. వారం తరువాత పొయ్యిలోకి కట్టెలు తీస్తుంటే మోపుల వెనుక 11 గుడ్లు కనబడినవి. మిగిలిన మూడూ గూట్లోనే పెడుతున్నవి గనుక అవి ఎవరివో వేరే చెప్పనక్కరలేదు. నీళ్లలో వేసి చూస్తే చాలావరకు తేలినవి. గుడ్లు పోయినవి, మంచి పెట్టా పోయినది.

తప్పు దానిది కాదు. మేము గూడు పెట్టిన చోటు అటువంటిది. వాకిటి పక్కన, ఎండ పడేచోట, పిల్లలు పరుగెత్తే దారిలో పెట్టినాము. పెట్ట వెదికేది చీకటిగా, సద్దు లేకుండా, కాకికీ కుక్కకూ కనబడని చోటు. మనము అట్టి చోటు ఇవ్వకపోతే అది గడ్డివాములోనో, కంచె పొదలోనో తానే చూసుకుంటుంది. అక్కడ ముంగిస, పాము, పందికొక్కు దానికంటె ముందే కాచుకొని ఉంటాయి.

నాటు పెట్ట సాధారణంగా 6, 7 నెలలకు గుడ్డుకు వస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ అయితే ఇంకా ముందే, ఐదున్నర నెలల ప్రాంతంలో మొదలుపెడుతుంది. నెలలు లెక్కపెట్టుటకంటె పెట్టను చూచుట మేలు. తలమీది తురాయి పెరిగి ఎర్రబారుతుంది. వీపుమీద చేయి వేస్తే పారిపోక, రెక్కలు కొంచెము విప్పి నేలకు అణగుతుంది. మూలమూలలా తల దూర్చి చూస్తూ గొణుగుతూ తిరుగుతుంది. ఈ గుర్తులు కనబడిన తరువాత గూడు కట్టబోతే ఆలస్యమే. రెండు మూడు వారాలు ముందుగానే గూడు అక్కడ ఉండవలెను.

గూడంటే ఖర్చు అనుకోవద్దు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్కపెట్టె చాలును. మూతి పగిలిన బాన అయినా సరే, పక్కకు పడుకోబెట్టి కదలకుండా రాళ్లు ఆనించండి. నూనె డబ్బా నాటు పెట్టకు సరిపోతుంది గాని వనరాజా వంటి బరువైన పెట్టకు ఇరుకు. పైగా రేకు అంచులు సుత్తితో మడవకపోతే కాళ్లు తెగుతాయి, ఎండలో ఉంటే లోపల ఉడికిపోతుంది. నాలుగైదు పెట్టలకు ఒక గూడు. ముందు నాలుగు అంగుళాల అడ్డుపట్టీ ఉంటే గుడ్డు దొర్లి పడదు. లోపల ఊక పోసి దానిపైన వరిగడ్డి పరచండి. పేలు పట్టిన గూట్లోకి ఏ పెట్టా పోదు గనుక పదిహేను రోజులకొకసారి గడ్డి మార్చి, అడుగున పొయ్యి బూడిద చల్లవలెను.

కోళ్లు రాత్రి నిద్రించే కర్ర గూటికంటె ఎత్తున ఉండవలెను. ఎత్తైన చోటే వాటికి పడక. గూడు పైన, కర్ర క్రింద కట్టినారో, పెట్టలు గూట్లోనే పడుకొని తెల్లవారేసరికి దానిని పెంటకుప్ప చేస్తాయి.

ఇక ఆశ చూపుట. బంకమట్టితో గుడ్డంత ఉండచేసి, ఆరబెట్టి, సున్నము పూసి గూట్లో పెట్టండి. ఇంతకుముందు ఎవరో ఇక్కడ గుడ్డు పెట్టినారు, ఏ ఆపదా రాలేదు అని కొత్త పెట్ట నమ్ముతుంది. గూడు తెలిసిన ముసలి పెట్ట ఒకటి మందలో ఉంటే మరీ మంచిది, పడుచువి దానిని చూచి నేర్చుకుంటాయి.

పెట్టలు ఎక్కువగా ప్రొద్దుటిపూటే గుడ్డు పెడతాయి. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు 10 గంటలవరకు వాటిని కోళ్ల సాలలోనే, నీళ్లూ గింజలూ పెట్టి ఉంచండి. ఆదివారమే ఇబ్బంది. ఆరాధనకు పోయే తొందరలో తెల్లవారగానే తలుపు తీసి వదిలేస్తాము, ఆ పూట గుడ్డు పొదలపాలు. తాళం చెవి ఇంట ఉండే పెద్దమ్మకు అప్పగించి పోండి.

ఇంతచేసినా పెట్ట వేరేచోట కూర్చుంటే ఆ క్షణాన అదిలించవద్దు. అది లేచిన తరువాత గుడ్డు తీసి, ఆ చోట రాయి అడ్డము పెట్టండి. మరునాడు అది అటు పోతుండగా మెల్లగా ఎత్తి తెచ్చి, గూటిలో పెట్టి, గాలి ఆడేటట్లు ముందర గంప ఆనించండి. ఒకటి రెండు రోజులలో ఒప్పుకుంటుంది.

తొలి గుడ్లు చిన్నవిగా, ఒక్కొక్కసారి తోలుగుడ్లుగా వస్తాయి. భయపడనక్కరలేదు. నత్తగుల్లలో ఆల్చిప్పలో దంచి వేరే చిప్పలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. గుడ్లను రోజుకు రెండుసార్లయినా తీయవలెను. గూట్లో పగిలిన గుడ్డు ఒకటి రుచి చూచిందంటే పెట్టకు గుడ్డు పొడిచి తినే అలవాటు పడుతుంది, అది మాన్పించుట కష్టము.

మరొక సంగతి. పెట్టకు 14 గంటల వెలుతురుంటే మంచిది. మన ప్రాంతంలో డిసెంబరులో పగలు 11 గంటలు మాత్రమే. అప్పుడు వయసుకు వచ్చిన పెట్ట కొంత ఆలస్యము చేయవచ్చును. సంక్రాంతి సంతకు తోలేముందు కట్టెల మోపుల వెనుక ఒకసారి చూడండి.

మా ఇంట ఇప్పుడు ఐదు పెట్టలు. నాలుగు బానలోనే పెడుతున్నవి. ఐదవది మంచము క్రిందనున్న పాత చేటను పట్టుకొని వదలలేదు. రాయి అడ్డము పెట్టినాము, గంప ఆనించినాము, మట్టిగుడ్డు చూపినాము. చివరకు మేమే ఓడిపోయి ఆ చేటలో ఇంత ఊక పోసినాము. రోజు విడిచి రోజు గుడ్డు ఇస్తున్నది.