తాళంచెవి ఎవరి చేతిలో?

"ఇది మా హాస్టలే అత్తా! గౌన్లు తీసేసి చుడీదార్లు తొడిగితే అచ్చం మా హాస్టలే" అంది మా తమ్ముడి పెద్దకూతురు.

సంక్రాంతికి బెంగుళూరు నుంచి ఆళ్ళగడ్డ వస్తూ అది ఒక బ్లూరే డిస్కు, దాన్ని ఆడించే పెట్టె తెచ్చింది. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇద్దరం కూర్చుని చూశాం. స్పెయిన్ సినిమా. పేరు 'లా రెసిడెన్సియా'. 1969లో నార్సిసో ఇబాన్యెజ్ సెర్రడోర్ తీశాడు. 1971లో అమెరికాలో కత్తిరించి, 'ద హౌస్ దట్ స్క్రీమ్డ్' అని పేరు మార్చి ఆడించారు. తర్వాత చాలా ఏళ్ళు ఆ కత్తిరించిన, రంగు వెలిసిన కాపీలే తిరిగాయి. 2023లో ఏరో వీడియో అనే సంస్థ దాన్ని శుభ్రం చేసి, పూర్తి నిడివితో ఇళ్ళలో చూసుకునే డిస్కుగా తెచ్చింది. డిస్కు తెచ్చిన పిల్ల సినిమా పిచ్చిది. "హిచ్‌కాక్ 'సైకో'కి చెల్లెలు, 'సస్పీరియా'కి అక్క" అని నాకు పరిచయం చేసింది. సినిమా అయ్యేసరికి ఆ చుట్టరికాలన్నీ మర్చిపోయి, హాస్టల్ గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

కథ పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో జరుగుతుంది. ఊరికి దూరంగా ఆడపిల్లల బడి. ప్రధానోపాధ్యాయురాలు మదామ్ ఫూర్నో. ప్రతి తలుపుకీ తాళం. మాట వినని పిల్లకి చీకటి గది, కొరడా దెబ్బలు. ఆ కొరడా పట్టేది టీచరు కాదు, తోటి విద్యార్థినే. ఇరేన్ అని, మదామ్‌కి కుడిభుజం. పిల్లలు ఒక్కొక్కరూ మాయమవుతుంటారు. "పారిపోయారు" అంటుంది మదామ్. నిజానికి వాళ్ళెవరూ గేటు దాటలేదు. ఆమె కొడుకే చంపుతున్నాడు. "ఈ పిల్లలెవరూ నీకు తగినవాళ్ళు కారు, నీకు నాలాంటి అమ్మాయి కావాలి" అని తల్లి నూరిపోసిన మాట విని, ఒక్కో పిల్లనుంచి ఒక్కో అవయవం తీసుకుని అటకమీద 'అమ్మలాంటి అమ్మాయి'ని తయారు చేసుకుంటున్నాడు.

కథ చివర చెప్పేశానని కోప్పడకండి. హంతకుడెవరన్నది ఈ సినిమాలో పెద్ద విషయం కాదు. పిల్లలు మాయమవుతుంటే పెద్దవాళ్ళు అంత తేలిగ్గా "పారిపోయారు" అని ఎందుకు నమ్మగలిగారన్నదే విషయం. ఆడపిల్ల కనపడకపోతే మనకి మొదట వచ్చే ఆలోచన ఆమెకి ఏమైందని కాదు, ఎవరితో పోయిందని.

నేను 1988 నుంచి 90 దాకా నంద్యాలలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఆళ్ళగడ్డకీ నంద్యాలకీ బస్సులో గంట దూరం. ఆ రెండేళ్ళలో నేను ఆ ఊరిని చూసింది చాలా తక్కువ. మహానంది ఉత్సవాలకి పోయే జనం గోల వినిపించేది, కనిపించేది కాదు. వీధివైపు కిటికీ అద్దాలకి రంగు వేశారు. నాన్న ఆళ్ళగడ్డలో రాళ్ళు చెక్కే శిల్పి. ఆయన రాసే కార్డు ముక్క కూడా ముందు వార్డెన్ చదివాకే నాకు అందేది. నెలసరి గుడ్డలు ఆరేసుకోవడానికి చోటుండేది కాదు. అడిగితే "ఆ మాత్రం సర్దుకోలేరా?" అనేవారు. అన్నిటికీ ఒకటే జవాబు: "మీ రక్షణ కోసమే."

మా గదిలో ఒక పిల్లకి ఎవరో కుర్రాడు ఉత్తరం రాశాడు. ఆమె అతనికి జవాబివ్వలేదు. కనీసం అతని ముఖం కూడా ఆమెకి సరిగ్గా తెలీదు. ఆ ఉత్తరం నోటు పుస్తకంలోంచి జారి నా మంచం కింద పడింది. నేను గది లీడర్ని. మొదటి ర్యాంకు పిల్లని. దాన్ని తీసుకెళ్ళి వార్డెన్‌కి ఇచ్చాను. ఆ సాయంత్రం ప్రార్థన దగ్గర అందరిముందూ దాన్ని చదివి వినిపించారు. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. ఆ పిల్ల ట్రంకు పెట్టె మోయడానికి కూడా మమ్మల్ని సాయం పోనివ్వలేదు. నెల తిరక్కుండా పెళ్ళి చేసేశారని విన్నాం. ఆ ఏడాది ఆమె పరీక్ష రాయలేదు.

నేను రాశాను. మంచి మార్కులొచ్చాయి.

ఇంతకాలం ఈ సంగతి ఎక్కడా రాయలేదు. హాస్టల్ గురించి ఎవరడిగినా అన్నం బాగుండేది కాదని చెప్పి ఊరుకున్నాను. తెరమీద ఇరేన్ కొరడా పట్టుకున్నప్పుడు మా పిల్ల "ఛీ, ఏం మనిషి!" అంది. నేను మాట్లాడలేదు. బందిఖానాకి గోడలొక్కటే చాలవు. లోపలున్నవాళ్ళలోనే ఒకరికి కాస్త మెప్పు, రెండో పూట కాస్త మజ్జిగ ఎక్కువ పోసి కాపలా పెట్టుకుంటుంది. ఆ మజ్జిగ నేను తాగాను.

అయినా ఈ సినిమాని నేను నెత్తిన పెట్టుకోను. దానితో నాకు రెండు తగాదాలున్నాయి.

మొదటిది, దాని చూపు. స్నానాల గదిలోకి కుర్రాడు కన్నంలోంచి తొంగి చూస్తాడు. తప్పని సినిమాయే చెబుతుంది. చెబుతూ కెమెరాని అదే కన్నానికి ఆనిస్తుంది. కొరడా దెబ్బల దృశ్యమూ అంతే. హింసని చూపిస్తున్నానంటూ ఒంటిని చూపించడం. కొత్త డిస్కులో ఆ దృశ్యాలు మరింత తేటగా ఉన్నాయి. పాత సినిమాని బాగుచేసేటప్పుడు మరకలు పోతాయి, గీతలు పోతాయి. మగచూపు మాత్రం పోదు, ఇంకా మెరుస్తుంది. బాగుచేసినవాళ్ళని నేను తప్పు పట్టడం లేదు. ఉన్నదున్నట్టు చూపడమే వాళ్ళ పని. దాన్ని చూసి "అద్భుతం" అని ఆగిపోయేవాళ్ళతోనే నా పేచీ.

రెండో తగాదా ఇంకా పెద్దది. ఈ కథలో తండ్రి లేడు. ఇంత పెద్ద బడిని ఎవరు కట్టారో, డబ్బు కట్టి పిల్లల్ని ఎవరు తెచ్చి వదిలారో వాళ్ళెవరూ తెరమీద నిలబడరు. పాపమంతా ఒక తల్లిమీద, ఆమె పెంపకంమీద పడిపోతుంది. కొడుకు హంతకుడైతే తల్లి తప్పు. కూతురు 'చెడిపోతే' తల్లి తప్పు. ఈ పాట మనకి కొత్త కాదు.

ఆ సినిమా తీసిన దేశంలో తండ్రి లేడా? ఉన్నాడు, ప్రతి గోడమీదా ఉన్నాడు. జనరల్ ఫ్రాంకో. 1975 మే దాకా స్పెయిన్‌లో పెళ్ళయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా చట్టప్రకారం భర్త అనుమతి కావాలి. 1941లో ఫ్రాంకో ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. దాని పేరు 'పత్రొనాతో దె ప్రొటెక్సియోన్ అ లా ముహేర్'. స్త్రీ రక్షణ సంస్థ అని అర్థం. 'పడిపోయిన' పిల్లల్ని, 'పడిపోయే ప్రమాదమున్న' పిల్లల్ని పట్టుకొచ్చి సన్యాసినులు నడిపే ఇళ్ళలో పెట్టేవారు. సినిమాకి పోయారని, అబ్బాయితో తిరిగారని, ఇంట్లో ఎదురు మాట్లాడారని కన్నవాళ్ళే అప్పగించిన పిల్లలున్నారు. అధ్యక్ష స్థానంలో ఫ్రాంకో భార్య కార్మెన్ పోలో పేరుండేది. ఫ్రాంకో 1975లో చచ్చిపోయాడు. ఆ సంస్థ మాత్రం 1985 దాకా బతికింది. నియంత పోయాక పదేళ్ళు! 2025 జూన్‌లో క్రైస్తవ మఠాల సమాఖ్య మాడ్రిడ్‌లో సభ పెట్టి క్షమాపణ చెబితే, ఆ ఇళ్ళలో మగ్గి ముసలివాళ్ళయిన స్త్రీలు లేచి నిలబడి మాకు మీ క్షమాపణ అక్కర్లేదన్నారు. 'లా రెసిడెన్సియా' వచ్చిన రోజుల్లో అసలైన మూసిన ఇళ్ళు స్పెయిన్‌లోనే ఉన్నాయి. కథని మాత్రం ఫ్రాన్సుకి, నూరేళ్ళ వెనక్కి పంపారు.

మా వార్డెన్‌ని కూడా ఇప్పుడు మళ్ళీ తలుచుకుంటున్నాను. చిన్న వయసులోనే భర్త పోయి ఆ ఉద్యోగంలోకొచ్చింది. తాళంచెవుల గుత్తి బొడ్డున దోపుకుని తిరిగేది. రెండేళ్ళలో ఆమె కూడా గేటు దాటి సినిమాకి పోయింది నేను చూడలేదు. ఆమె చేసిన పని క్రూరమైనదే. కానీ గుత్తి ఆమెకిచ్చిన యజమాని ముఖం మాలో ఎవరం చూడలేదు. అతను ఫీజు రసీదుమీద సంతకం మాత్రమే. స్త్రీలకి శత్రువులు స్త్రీలేనని ఎవరైనా అన్నప్పుడు నేనా సంతకం గుర్తుచేస్తాను.

ఏ సినిమాని బాగుచేయాలి, దేన్ని వదిలేయాలి అన్నది కూడా ఊరికే జరగదు. మనకి 2010లో 'మాయాబజార్'కి రంగులొచ్చాయి. 2022లో 'పోకిరి', 2025లో 'శివ' కొత్త హంగులతో మళ్ళీ థియేటర్లకొచ్చాయి. కాగితాలు విసరడం, ఈలలు, పండగ. మంచిదే. మా ఆళ్ళగడ్డ పక్కనే అహోబిలం. ప్రహ్లాదుడి కథకి పుట్టిల్లు. అదే కథతో 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి ఒక్క ప్రింటూ మిగల్లేదు. అందులో లీలావతిగా చేసిన సురభి కమలాబాయి మన మొదటి టాకీ కథానాయిక. ఆమె ఆ తెరమీద ఎలా నడిచిందో, ఎలా పలికిందో ఇంక ఎవరూ చూడలేరు. దాచుకోవాలని అనుకోనిది పోతుంది. ఆడవాళ్ళ జ్ఞాపకాలూ అంతే. మా గదిలో పిల్ల కథని నేను ముప్ఫైఅయిదేళ్ళకి పైగా దాచలేదు, పారేశాను. ఇప్పుడు ఏరుకుంటున్నాను.

ఇంత రాయడానికి అసలు కారణం మా తమ్ముడి చిన్నకూతురు. ఈసారి పదో తరగతి అయిపోతుంది. జూన్‌లో నంద్యాల హాస్టల్లో వేయాలని వాడి పట్టు. నేను వద్దంటే వాడికి కోపమొచ్చింది. "ఊరెట్లుందో నీకు తెల్దా అక్కా? ఆడపిల్లని వదిలేసి చదివించే రోజులా ఇవి?" అన్నాడు.

వాడి భయం అబద్ధం కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో పెరిగిన మనిషి. కూతురు చదవాలన్న కోరికా అబద్ధం కాదు. కానీ భయపెట్టేవాళ్ళు వీధిలో ఉంటే, తాళం పిల్లకెందుకు వేస్తున్నాం? ఒంటరిగా పోయే దారిలో దీపం వేయమని మున్సిపాలిటీని అడిగామా? సాయంత్రం బస్సు వేళ మార్చమని డిపోకి పోయామా? అవన్నీ కష్టం. పిల్లని మూసేయడం తేలిక. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ఆత్మహత్యలు చేసుకుంటుంటే 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. హాస్టళ్ళ తీరుమీద నివేదికలు వచ్చాయి. గోడలు మాత్రం ఇంకాస్త లేచాయి, వాటిమీద కెమెరాలు కూడా మొలిచాయి.

తాళం పిల్లల్ని కాపాడుతుందనేవాళ్ళకి ఒకటే చెబుతాను. గ్వాటెమాలాలో ప్రభుత్వం నడిపే పిల్లల ఆశ్రమం ఒకటుండేది. పేరులోనే 'సురక్షిత గృహం' అని ఉంది. లోపలి హింస భరించలేక పిల్లలు పారిపోతే పట్టుకొచ్చి, 56 మంది ఆడపిల్లల్ని ఒక గదిలో పెట్టి తాళం వేశారు. నిప్పంటుకుంది. అరిచినా తలుపు తీయలేదు. 41 మంది చనిపోయారు. ఆ రోజు 2017 మార్చి 8. మనం సభలు పెట్టుకునే రోజే.

హాస్టళ్ళు వద్దని నేననడం లేదు. ఆళ్ళగడ్డ నుంచి నేను బయటపడింది హాస్టల్ వల్లే. నేనడిగేది చిన్నది. రాత్రి తాళంచెవి పిల్లలకి అందే చోట ఉండాలి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కన ఎవరూ నిలబడకూడదు. ఫిర్యాదు వినడానికి పిల్లలు ఎన్నుకున్న కమిటీ ఉండాలి, గది లీడర్లు కాదు. వార్డెన్‌కి వారానికొక సెలవు రోజు ఉండాలి.

పండగ అయ్యాక తమ్ముడు, నేను, చిన్నపిల్ల కలిసి నంద్యాల పోయాం. మూడు హాస్టళ్ళు చూశాం. మూడుచోట్లా నేనొకటే అడిగాను: "రాత్రి నిప్పంటుకుంటే గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

మూడోచోట ఆఫీసులో కూర్చున్నతను నవ్వి, ఎంతో భరోసాగా చెప్పాడు: "మీకా భయమే వద్దు మేడమ్. మా దగ్గర్నుంచి ఇంతవరకు ఒక్క పిల్ల కూడా పారిపోలేదు."

తమ్ముడు నా ముఖం చూశాడు. తర్వాత కూతురి ముఖం చూశాడు. ఫీజు కట్టడానికని జేబులోంచి తీసిన కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.