ఇంటిపేరు - ఉదాహరణ వాక్యము

“ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతయు గబ్బిలాల కంపు” అను సామెతను మన ఇండ్లలో ఎరుగనివారుండరు. ఇంటిపేరు క్షీరసాగరమువారై యింట మజ్జిగకు గతిలేనివారిని గూర్చిన సామెతయు నట్టిదే. ఇవి పరిహాసమునకు బుట్టిన మాటలు. అయినను ఇంటిపేరును వాక్యములో నెట్లు కూర్పవలెనో వీనికంటె చక్కగా నేర్పు పాఠము వేరొకటి లేదు. మన పెద్దలు వాడుకలో “కస్తూరి వచ్చెను” అనలేదు. “కస్తూరివారు వచ్చిరి” అన్నారు. ఇంటిపేరునకు వెనుక మనిషిపేరైనను ఉండవలెను, వారు అను గౌరవమైనను ఉండవలెను.

మన పిల్లలు తెలుగు వ్రాసికొన్న నోటుపుస్తకములు కొన్ని యిటీవల మా చేతికి వచ్చినవి. అక్షరములు కుదురుగా నున్నవి. అందుకు సంతోషించితిమి. ఉదాహరణ వాక్యములే మమ్ము ఆలోచింపజేసినవి. రాముడు బడికి పోయెను, సీత పూలు కోసెను. ఎన్ని పుటలు త్రిప్పినను వీరిద్దరే. ఏ ఇంటి రాముడో, ఏ ఊరి సీతయో తెలియదు. పోనీ, అట్టమీద పిల్లవాని పేరు చూతుమా, ఇంటిపేరు ఒక్క ఆంగ్లాక్షరమై, ప్రక్కన చుక్క పెట్టుకొని కూర్చున్నది. ఆ యక్షరమున కర్థమేమని యడిగితిమి. “ఇనీషియలు” అని బదులు వచ్చినది.

ఆ పిల్లవానికి చెప్పవలసినదేమనగా, తెలుగు ఇంటిపేరులో సగము వాక్యము దాగియున్నది. కందుకూరు అను ఊరు కందుకూరి యైనది. ఆలపాడు ఆలపాటి యైనది. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఔపవిభక్తికములని చెప్పిన మార్పు ఇట్టిదే. ఊరు ఊరి యగుట, కాడు కాటి యగుట ఎట్లో ఇదియు నట్లే. గన్నవరము గన్నవరపు అగుట మరియొక తీరు. ఆ తుది యక్షరము మారుటతోనే “ఆ యూరికి చెందిన” అను అర్థము వచ్చి చేరినది. తుంగభద్ర యెడమకాలువ వచ్చిన పిమ్మట సింధనూరు ప్రాంతమున క్యాంపులు వేసికొని స్థిరపడిన కుటుంబములలో ఎందరో మనుమలు తమ ఇంటిపేరిటి ఊరిని కన్నులార చూచియుండరు. అయినను సంతకము చేసినప్పుడెల్ల ఆ యూరిపేరు వ్రాయుచునే యున్నారు. దానిని ఒక్క యక్షరముగా కుదించినచో ఊరును పోవును, వ్యాకరణమును పోవును.

కన్నడ సోదరులతో పోల్చి చూచిన ఈ సంగతి మరింత తేటపడును. కర్ణాటక ఏకీకరణమునకై జీవితమును ధారపోసిన ఆలూరు వెంకటరావుగారి (1880-1964) పేరులోను ఊరే ముందు నిలిచినది. మనలోను ఆలూరివారున్నారు. ఊరిని ముందుంచుకొనుటలో ఇరువురిదియు ఒకే మర్యాద. తుది యక్షరము మాత్రమే ఏ భాష యిల్లో చెప్పుచున్నది. కచేరీలో గుమాస్తా ఆలూరిని ఆలూరుగా దిద్దినచో అది ద్వేషము కాదు, అతని చెవికి అలవాటైన రూపము. దిద్దవద్దని మనము చెప్పకుండుటయే లోపము. బడి సర్టిఫికెట్టులో ఒక తీరు, రేషను కార్డులో ఒక తీరు, పహాణీలో మరియొక తీరుగా పేరుండినచో, ఒక తల్లి బిడ్డలే రెండు వంశములవారుగా కనబడుదురు. భూమి పంపకమునాడు ఆ చిక్కు విప్పుట ఎంత ప్రయాసమో పడినవారికే తెలియును.

ఇంతకంటె గట్టిగా చెప్పవలసిన మాట మరియొకటి కలదు. ఉదాహరణ వాక్యములలో ఇంటిపేరు ఎవరికి దక్కుచున్నది? మనము ఇంట పిల్లలకు కల్పించి చెప్పు వాక్యములను ఒకసారి చెవియొగ్గి వినుడు. “ఫలానావారి అబ్బాయిగారు పట్నమునుండి వచ్చిరి.” “రంగడు మూట దించెను.” మొదటివానికి ఇంటిపేరు కలదు, గారు కలదు, బహువచనము కలదు. రెండవవానికి మూట తప్ప మరేమియు లేదు. రంగనికి ఇల్లు లేదా? ఇల్లున్నచో ఇంటిపేరు లేదా? ఉన్నది. మనము అడుగలేదు, అంతే.

రాయచూరు కోటగోడలో ఒక బ్రహ్మాండమైన శిలాపలకము కలదు. 1294 నాటి కోట నిర్మాణమును తెలుపు ఆ శాసనము గోరె గంగయ రెడ్డివారి పేరును నిలిపినది. ఏడు వందల సంవత్సరములు దాటినను ఆ పేరు, దాని వెనుక వారు అను గౌరవము, చెక్కుచెదరలేదు. అంతటి రాతిని బండిపై నెక్కించి లాగుకొని వచ్చిన దృశ్యమును గూడ అచట గోడమీద గీతలుగా చెక్కియున్నారు. పశువుల వరుస, అదలించువారు, చక్రములకడ శ్రమించువారు అందు కనబడుదురు. వారి పేర్లు లేవు. రాతిపని చేసినవాడు వారి చేతులనైనను చూపినాడు. మన ఉదాహరణ వాక్యములు అంతమాత్రమును చేయుచున్నవా?

ఇంటిపేరు చెప్పుటతో కులము చెప్పినట్లగునని జంకువారు కలరు. ఆ జంకు నిష్కారణము కాదు. ఇంటిపేరు వినగానే మనిషిని తూచువారు నేటికిని లేకపోలేదు. కాని ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు ఒకే కులపు సొత్తు కాదు. ఒక ఊరినుండి కదలినవారు పలు కులములవారు. ఆ ఊరిపేరు పలువురి ఇండ్లకు తగిలినది. దోషము తూకమునందే కాని పేరునందు లేదు. కొందరికే ఇంటిపేరు చెప్పి కొందరికి మానుటయే ఆ తూకమును నిలుపుచున్నది.

గద్వాల 1956 నవంబరు 1 వరకు మన రాయచూరు జిల్లాలోనిది. ఆ సీమ బిడ్డయైన సురవరం ప్రతాపరెడ్డిగారు, నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికతో బదులిచ్చిరి. వాదమునకు దిగుటకంటె 350 మందికి పైగా కవులను పేరుపేరున చూపుటయే వారికి సరియైన సమాధానముగా తోచినది. అల్పసంఖ్యాకులకు ఇది మరువరాని పాఠము. పేరు చెప్పబడినవాడు ఉన్నవాడు. చెప్పబడనివాడు లేనివానితో సమానుడు.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము నిర్దేశించుచున్నది. ఆ వసతులకై అడుగుట మానరాదు. ఇంటిపేరును నేర్పుటకు మాత్రము అధికరణముతో పని లేదు; ఒక పలక చాలును.

కావున మా మనవి యిది. ఈ వారము ప్రతి యింటను పిల్లలచేత అయిదు వాక్యములు వ్రాయింపుడు. ఒకటి తన పూర్తిపేరుతో, పొల్లుపోకుండ. ఒకటి అమ్మమ్మను గూర్చి; “ఆమె ఆలపాటివారి ఆడపడుచు, గన్నవరపువారి కోడలు” అన్న తీరున, పుట్టినింటిని విడువక. ఒకటి పొరుగున నున్న కన్నడ మిత్రుని గూర్చి, అతని ఇంటిపేరును అతని భాషారూపముననే. ఒకటి తన బడి పంతులును గూర్చి. అయిదవది మీ పొలమునకో, అంగడికో దినమును వచ్చి పనిచేయు మనిషిని గూర్చి. ఆ చివరి వాక్యము వ్రాయుటకు ముందు పిల్లవాడు లేచి పోయి, “మీ ఇంటిపేరేమండీ?” అని యడుగవలసి యుండును. ఆ యడుగుట నేర్చినచో మిగిలిన వ్యాకరణము నెమ్మదిగా నేర్చుకొనవచ్చును.