మీ నాయన నంబరు చెప్పు

శని, ఆదివారాల్లో గండికోటకు రెండు రకాల జంటలు వస్తాయి. బెంగళూరు నుంచి కర్ణాటక నంబరు కారులో వచ్చి, డబ్బు కట్టి గుడారం తీసుకుని, పెన్నా లోయ అంచున రాత్రి గడిపి, సూర్యోదయం ఫోటోలతో తిరిగి వెళ్ళేది ఒక రకం. ప్రొద్దుటూరు నుంచో జమ్మలమడుగు నుంచో మోటారుసైకిలు మీద వచ్చి, అమ్మాయి ముఖానికి చుట్టిన చున్నీ విప్పకుండానే ధాన్యాగారం వెనకో, బండల చాటునో కూర్చునేది ఇంకో రకం. గుడారంలో ఉన్నవాళ్ళను పెళ్ళయిందా అని ఎవరూ అడగరు. బండల చాటున ఉన్నవాళ్ళ దగ్గరికి మాత్రం ఎవరో ఒకరు వస్తారు. ఖాకీలో రావచ్చు, మఫ్టీలో రావచ్చు, ఏ ఉద్యోగమూ లేని ముగ్గురు కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తుకుని రావచ్చు. ప్రశ్నల వరస మాత్రం మారదు. యా ఊరు? ఏం కులం? మీ నాయన నంబరు చెప్పు.

ఆ మూడో ప్రశ్న ఏ చట్టంలోనూ లేదు. శిక్ష మాత్రం అదే.

చట్టంలో ఉన్నది చాలా చిన్నది. పాత ఐపీసీ 294, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 296. బహిరంగ స్థలంలో అశ్లీలమైన పని చేసి, దానివల్ల ఇతరులకు చిరాకు కలిగిస్తే గరిష్ఠంగా మూడు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేషన్ బెయిల్ దొరికే కేసు. ఇందులో రెండు మెలికలున్నాయి. ఆ పని నిజంగా అశ్లీలమై ఉండాలి, దానివల్ల ఇబ్బంది పడిన మనిషి ఉండాలి. పక్కపక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకోవడం, భుజం మీద తల వాల్చడం దీని కిందికి రావు. ఢిల్లీ ద్వారకలో మెట్రో స్తంభం దగ్గర ముద్దు పెట్టుకున్నారని ఒక కొత్త జంట మీద కేసు పెడితే, 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పెళ్ళయిన యువజంట ప్రేమను చూపుకోవడం 294 కిందికి ఎలా వస్తుందో అర్థం కావడం లేదంది.

ఆ జంటకు పెళ్ళయింది కదా అనేవాళ్ళుంటారు. వాళ్ళు ఒకసారి జమ్మలమడుగు పక్కన మోరగుడికి వెళ్ళి చూడాలి. మగ్గం ఉన్న ఇంట్లో సగం గది మగ్గానికే పోతుంది. మిగిలిన సగంలో అత్త, మామ, పెళ్ళికాని ఆడబిడ్డ, పడుగు, పేక, కొత్త దంపతులు. మామ మగ్గం గుంతలో నుంచి లేచేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, తెల్లారి అయిదుకు మళ్ళీ చప్పుడు మొదలు. ఆ మొగుడూ పెళ్ళాలు ఆదివారం మైలవరం డ్యాం మీదికి పోతే అది విలాసం కాదు, ఇంట్లో లేని గదిని వెతుక్కోవడం. పెళ్ళికానివాళ్ళకు లాడ్జీ ఉందిగదా అంటారా? మన ఊళ్ళ లాడ్జీల్లో రెండు ఆధార్ కార్డుల మీద ఇంటిపేరు ఒకటి కాకపోతే గది లేదు పొమ్మంటారు. పెళ్ళికాని ఇద్దరు పెద్దవాళ్ళు హోటల్ గదిలో ఉండకూడదనే చట్టం లేదని కోయంబత్తూరు కేసులో మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులోనే చెప్పింది. ఆ సంగతి కౌంటరులో కూర్చున్నాయనకు ఎవరు చెప్పాలి?

ఒక హద్దు మేమూ ఒప్పుకుంటాం. పిల్లాపాపలతో సంసారులు తిరిగే పులివెందుల శిల్పారామంలోనో, కోట లోపలి గుడి ముందో ఇద్దరు ఒళ్ళు మరిచి ప్రవర్తిస్తే, వాళ్ళిద్దరికీ ఇష్టమే అన్నది జవాబు కాదు. చూడక తప్పని వాళ్ళ ఇష్టం కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ 296 వాడితే తప్పుపట్టం. ఇక ఇద్దరిలో ఒకరికి పద్దెనిమిది నిండకపోతే అది వేరే దారి. పోక్సో చట్టం ముందు సమ్మతి అనే మాటే నిలవదు, ఇంటర్ చదివే పిల్లలకు ఈ సంగతి ఎవరూ సూటిగా చెప్పడం లేదు. ఈ సంపాదకీయం పెద్దవాళ్ళ గురించి.

పెద్దవాళ్ళ విషయంలో మా పేచీ 296తో కాదు, 296 పేరు చెప్పి దాన్ని వాడకపోవడంతో. కేసు పెడితే కాగితం పుడుతుంది. కాగితం మీద ఇబ్బంది పడిన మనిషి పేరు రాయాలి, చేసిన పని ఏమిటో రాయాలి, మేజిస్ట్రేటుకు చూపాలి. స్టేషనుకు తీసుకుపోయి, నాయనకు ఫోన్ చేసి, ‘కౌన్సెలింగ్’ చేసి పంపేస్తే ఏ కాగితమూ ఉండదు. బాగుచేశామన్న పుణ్యం కూడా దక్కుతుంది. కులాంతరం జంట అయితే ఆ ఒక్క ఫోన్ కాల్‌కు ఎంత ఖరీదు పడవచ్చో 2018లో మిర్యాలగూడ పరువు హత్యను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. అదే ఏడాది మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: ఇంటివాళ్ళ నుంచి ముప్పున్న జంటలను కాపాడటానికి ప్రతి జిల్లాలో పోలీసు ప్రత్యేక విభాగం, ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉండాలని. కాపాడాల్సిన చెయ్యే ఇంటికి ఫోన్ కలిపితే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

డబ్బు సంగతి ఎవరూ పైకి చెప్పరు. 2001లో వడోదర ఐపీసీఎల్ టౌన్‌షిప్‌లో గర్బా రాత్రి, కాబోయే భార్యతో బండి మీద పోతున్న మనిషిని ఒక సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ ఆపాడు. చివరికి అతని చేతి గడియారం తీసుకుని వదిలాడు. ఉద్యోగం పోయింది. కేసు ఇరవై ఏళ్ళు నడిచి, 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలబెట్టింది. నీతి కాపలా కాయడం పోలీసుల పని కాదని, ఆ పేరుతో వస్తువులో మరోటో అడగకూడదని రాసింది. అప్పుడు గడియారం, ఇప్పుడు ఫోన్‌పే.

ఇక సెల్‌ఫోను కుర్రాళ్ళ సంగతి. వాళ్ళకు తాము ఊరి పరువు కాపాడుతున్నామన్న ధీమా. అశ్లీలమైన వీడియోను వాట్సాప్ గ్రూపులో వేస్తే ఐటీ చట్టం 67 కింద మూడేళ్ళు, అయిదు లక్షల దాకా జరిమానా. లైంగిక చర్య స్పష్టంగా కనపడేదైతే 67ఏ కింద అయిదేళ్ళు, పది లక్షలు. వీడియో చూపించి డబ్బు గుంజితే న్యాయ సంహిత 308 కింద ఏడేళ్ళ దాకా. బండ చాటు జంటకు మూడు నెలలు, వాళ్ళను చిత్రించి పంచినవాడికి మూడేళ్ళో అయిదేళ్ళో: ఎవరి తప్పు పెద్దదో చట్టం ఎప్పుడో తూకం వేసింది. మన జిల్లా పేజీలే ఇంకా వెయ్యలేదు. ‘కోటలో జంట అసభ్య ప్రవర్తన’ అని వార్త వేస్తాం, తీసినవాడి పేరు, ఫార్వర్డ్ చేసినవాడి పేరు వెయ్యం. ఆ ‘మనం’లో మాలాంటి సాహిత్య పత్రికలూ ఉన్నాయి.

సాహిత్యం మాట వచ్చింది కాబట్టి. పాత ఐపీసీలో ఈ 294కు తోబుట్టువు 292, అశ్లీల పుస్తకాల సెక్షన్. కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ళవారితో అచ్చు వేయిస్తే, మరుసటేడే తెల్లదొరల ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం వచ్చాక గాని నిషేధం తొలగలేదు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మన కడప సీమ నేలే. ఆయన శృంగార సంకీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో భద్రపరిచిన జాతి మనది. అయినా అశ్లీలానికి కొలబద్ద విక్టోరియా కాలపు లండన్ నుంచి తెచ్చుకుని, 2014లో సుప్రీంకోర్టు అవీక్ సర్కార్ తీర్పు దాకా దాన్నే పట్టుకు వేలాడాం.

ఇద్దరూ మగవాళ్ళో, ఇద్దరూ ఆడవాళ్ళో అయిన జంట సంగతి ఇంకా కష్టం. స్వలింగ సంబంధం నేరం కాదన్న 377 తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది గాని, బస్టాండు వెనక దొరికిన ఇద్దరు మగవాళ్ళకు ఆ తీర్పును గుర్తుచేసేంత ధైర్యం ఉండదు. అడిగినంత ఇచ్చి పోతారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పోలీసు అధికారులను మేం అడిగేది మూడు లెక్కలే. 2024 జులై నుంచి మీ పరిధిలో బహిరంగ స్థలంలో జంటల మీద 296 కింద ఎన్ని ఎఫ్ఐఆర్‌లు నమోదయ్యాయి, ఎన్నింటిలో ఇబ్బంది పడిన సాక్షి పేరుంది, ఎన్ని జంటలను ఎఫ్ఐఆర్ లేకుండా స్టేషనుకు తెచ్చి ఇంటికి ఫోన్ చేశారు? మొదటి రెండు లెక్కలు రికార్డులో ఉంటాయి, సమాచార హక్కు చట్టం కింద అడుగుతున్నాం. మూడోది రాసే రిజిస్టరు ఏదైనా ఉంటే దాని పేరు చెప్పండి. వచ్చిన జవాబును వచ్చినట్టే ఈ పేజీలో అచ్చు వేస్తాం.