ఛాతీ కొలిచి తుపాకీ ఇస్తే సరిపోతదా?

ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఊపిరి బిగబడితే ఛాతీ 86.3 సెంటీమీటర్లు, అందులో కనీసం 5 సెంటీమీటర్ల విస్తరణ. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ నౌకరీకి పోయిన ప్రతి పల్లె పోరగానికీ ఈ అంకెలు కంఠతా వచ్చు. తెల్లారకముందే ఊరి బయటి రోడ్ల మీద పరుగులు తీసినవాళ్లు, అయిదు కిలోమీటర్ల పరుగులో సొమ్మసిల్లి పడిపోయినవాళ్లు మన ఇండ్లలోనే ఉన్నారు. తర్వాత ఆ పరుగు పోయింది, కొలతలూ మారుతూ వచ్చాయి. మారనిది ఒక్కటే. మనిషి ఒంటిని ఇంచు ఇంచూ కొలిచే సర్కారు, ఎదుటి మనిషి ప్రాణం తీసే అధికారాన్ని అతని చేతిలో పెట్టేముందు అతని విచక్షణను మాత్రం కొలవదు.

కొలుస్తున్నామని అధికారులు అనవచ్చు. నిజమే, రాత పరీక్ష సిలబస్‌లో వ్యక్తిత్వం, నైతికత, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం అని ఒక అంశం చేర్చారు. నాలుగు జవాబుల్లో ఒకదాని గడిని నింపితే సున్నితత్వం ఉన్నట్టేనా? రాళ్లు పడుతున్నప్పుడు, పై అధికారి 'ఫైర్' అని అరుస్తున్నప్పుడు, ఎదురుగా నిలబడ్డది ఇరవై ఏండ్ల విద్యార్థి అయినప్పుడు ట్రిగ్గర్ మీది వేలు ఏం చేస్తుందో ఏ గడి చెబుతుంది?

ఈ ప్రశ్న అడిగే హక్కు తెలంగాణకు ఉన్నంతగా మరెవరికీ లేదు. మన ఉద్యమం పుట్టిందే తుపాకీ ఎదుట. 1952 సెప్టెంబరులో నాన్ ముల్కీలు వెళ్లిపోవాలన్న పిల్లల మీద హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. 1969లో ఉద్యమం చెప్పుకునే లెక్క 369 మంది. గన్‌పార్కు స్తూపం దగ్గర తల వంచని తెలంగాణ నాయకుడు లేడు. కానీ ఆ తూటా ఏ చట్టం ప్రకారం పేలింది, ఎవరు జవాబు చెప్పారు అని అధికారంలోకి వచ్చాక అడిగిన నాయకుడూ లేడు.

మలిదశ ఉద్యమాన్ని మలుపు తిప్పింది కూడా పోలీసు నియామకాలే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో 14(ఎఫ్) అనే ఒక్క క్లాజు హైదరాబాద్ నగర పోలీసు కమిషనర్ కింద ఉన్న పోస్టులకు స్థానిక రిజర్వేషన్ లేకుండా చేసింది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు పోలీసు నియామకాల విషయంలో హైదరాబాద్ ఫ్రీజోన్ అనేసరికి తెలంగాణ భగ్గుమన్నది. నవంబరు 29న కేసీఆర్ దీక్షకు బయలుదేరడం, ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకోవడం, డిసెంబరు 9 ప్రకటన అన్నీ ఆ మంటలోంచి వచ్చినవే. కొట్లాడి 14(ఎఫ్)ను తీసేయించుకున్నాం. విద్యార్థులు కొట్లాడారు, ఉద్యోగులు వాళ్ల వెనుక నిలబడ్డారు. అది న్యాయమైన కొట్లాట. మన నగరంలో మన పిల్లలకు నౌకరీ దొరకాలనడంలో తప్పేమీ లేదు.

కానీ మనం సగం ప్రశ్నే అడిగాం. తుపాకీ ఎవరి చేతిలో ఉండాలని అడిగాం. అది ఎప్పుడు పేలాలి, పేలితే ఎవరు జవాబు చెప్పాలి అని అడగలేదు. లాఠీ పట్టినవాడు మనోడైతే దెబ్బ నొప్పి పుట్టదని మనసులో ఎక్కడో అనుకున్నాం.

ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన పద్ధతి మనకు తెలియంది కాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గించమని అసెంబ్లీకి బయలుదేరితే బషీర్‌బాగ్‌లో ముగ్గురిని కాల్చి చంపారు. 2007 జూలై 28న భూమి అడిగినందుకు ఖమ్మం జిల్లా ముదిగొండలో ఏడుగురిని బలి తీసుకున్నారు. బంద్‌కు వచ్చిన పేదల మీద ఏకే-47లు ఎందుకు? అడవిలో యుద్ధానికని కొన్న ఆయుధం ఊరి రోడ్డు మీదికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలతో అప్పుడు మన పత్రికలు నిండిపోయాయి. అప్పుడు పాలకులు పరాయివాళ్లు కాబట్టి అడగడం మనకు సులువైంది.

మరి 2014 జూన్ 2 తర్వాత?

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే చనిపోయారు. బేడీలు వేసి ఉన్న శవాలు సీట్లలో ఒరిగిపోయిన ఫోటోలు దేశమంతా చూసింది. బేడీలతో ఉన్నవాళ్లు తుపాకులు గుంజుకోబోయారని చెప్పారు. సరిగ్గా అదే రోజున పక్క రాష్ట్రంలో శేషాచలం అడవుల్లో ఇరవై మంది తమిళ కూలీలను కాల్చేశారు. రాష్ట్రాలు రెండయినా ఎన్‌కౌంటర్ కథ మాత్రం ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు. వాళ్ల మీద ఉన్నది ఘోరమైన నేరారోపణ. ఆ బిడ్డకు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. అందుకే ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. చల్లినవాళ్లలో మన విద్యార్థులూ ఉన్నారు, మన ఉద్యోగులూ ఉన్నారు. తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏం తేల్చింది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. 2022 మేలో ఆ నివేదిక బయటికి వచ్చింది. అప్పుడు పూలు చల్లిన చేతులు ఎక్కడికి పోయాయి? వాళ్లే నేరస్తులని కోర్టు తేల్చి ఉంటే ఆ బిడ్డ తల్లిదండ్రులకు నిజమైన న్యాయం దక్కేది. తూటా ఆ న్యాయాన్ని కూడా చంపింది.

ఇక చదువు, శిక్షణ సంగతి. దీని మీద దేశంలో వచ్చిన గట్టి తీర్పు రాసింది మన మట్టి మనిషే. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ సల్వాజుడుం కేసులో తీర్పిచ్చారు. అయిదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలను ఛత్తీస్‌గఢ్ సర్కారు ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో పోగు చేసింది. నెలకు 3,000 గౌరవ వేతనం ఇచ్చి, రెండు నెలల శిక్షణతో తుపాకులు చేతికిచ్చింది. ఆ శిక్షణలో చట్టాలకు 24 గంటలు, మానవ హక్కులకూ రాజ్యాంగానికీ కలిపి 12 గంటలు. చట్టం చదివి అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్న పిల్లవాడికి చంపే ఆయుధం ఇవ్వడమంటే వాడి ప్రాణాన్నీ, ఎదుటివాడి ప్రాణాన్నీ లెక్క చేయకపోవడమేనని కోర్టు తేల్చింది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని చెప్పి ఆ తుపాకులు వెనక్కి తీసుకోమన్నది. ఆ జుడుం దెబ్బకు ఊళ్లు విడిచి ఖమ్మం అడవుల్లోకి వచ్చి తలదాచుకున్న గొత్తికోయల గూడేలు ఇప్పటికీ దానికి సాక్ష్యం.

2025 ఆగస్టులో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు సాక్షాత్తు కేంద్ర హోంమంత్రే ఆ తీర్పు నక్సలైట్లకు మేలు చేసిందని నిందించారు. తుపాకీ ఇచ్చే ముందు చదువు చూడండి, శిక్షణ చూడండి, చట్టం చూడండి అనడం నక్సలిజమా? అదే నిజమైతే రాజ్యాంగాన్నే నిషేధించాల్సి ఉంటుంది!

పోలీసు ప్రాణం ప్రాణం కాదా అని కొందరు అడుగుతారు. ముమ్మాటికీ ప్రాణమే. మందుపాతరకు ముక్కలైన కానిస్టేబుల్ కూడా మన ఊరి రైతు కొడుకే. ఆత్మరక్షణ హక్కు అతనికీ ఉంది. అయితే అది నిజంగా ఆత్మరక్షణే అని కోర్టులో రుజువు కావాలి తప్ప పత్రికా ప్రకటనలో కాదు. మనం మాట్లాడుతున్నది కానిస్టేబుల్‌కు వ్యతిరేకంగా కాదు. 2024 అక్టోబరులో బెటాలియన్ పోలీసుల భార్యాబిడ్డలు రోడ్డెక్కి ఏమడిగారు? రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం పెట్టండి, మా మనుషులను ఇంటికి పంపండి అన్నారు. దానికి సర్కారు 39 మందిని సస్పెండ్ చేసి, పది మందిని నౌకరీలోంచే తీసేసింది. నిద్ర లేక, సెలవు లేక, ఇల్లు మొహం చూడక నలిగిపోయిన మనిషి చేతిలో నిండు తుపాకీ పెట్టడం ప్రజలకే కాదు, అతనికీ అపాయమే. ఆర్డరు ఇచ్చినవాడు పతకం తీసుకుంటాడు, పేల్చినవాడు కోర్టు మెట్లెక్కుతాడు.

అందుకే ఈ డిమాండ్లు. తూటాకు మనిషి చచ్చిన ప్రతిచోటా కాల్చినవాళ్ల మీద ఎఫ్ఐఆర్ కావాలి, ఆ స్టేషన్‌తో సంబంధం లేనివాళ్లు దర్యాప్తు చేయాలి. అనుమానం తీరేదాకా ప్రమోషన్లు, పతకాలు ఆపాలి. 2014 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో చెప్పింది దాదాపు ఇదే, కొత్త కోరికేమీ కాదు. ధర్నాల దగ్గర యుద్ధ ఆయుధాలు కనిపించకూడదు. బలప్రయోగ చట్టంలో పరీక్ష పాస్ కానివాళ్లకు, మానసిక పరీక్షలో నెగ్గనివాళ్లకు తుపాకీ ఇవ్వకూడదు. ఆ పరీక్షలు నౌకరీలో చేరినప్పుడే కాదు, ఏటేటా పెట్టాలి, అధికారులకు కూడా పెట్టాలి. ఏ జిల్లాలో ఎన్ని తూటాలు పేల్చారో, ఎవరి మీద పేల్చారో ఏటా శాసనసభ ముందు లెక్క పెట్టాలి.

విద్యార్థి మిత్రులారా, నోటిఫికేషన్ కోసం మీరు చేసే పోరాటం న్యాయమైనదే. కానీ రేపు ఆ యూనిఫాం వేసుకునేది మీరే, ఆ తూటాకు ఎదురు నిలబడేదీ మీరే. ఉద్యోగ సోదరులారా, మీ సకల జనుల సమ్మె గెలిచింది గొంతుతో, తుపాకీతో కాదు. మన నౌకరీలు మనకే కావాలన్నాం, సాధించుకున్నాం. ఇక మన ప్రాణాలకు లెక్క చెప్పమని అడుగుదాం. గన్‌పార్కు స్తూపం మనల్ని ఏటా రెండు పూలదండలు అడగడం లేదు, ఈ లెక్కే అడుగుతున్నది.

జై తెలంగాణ!