సైలెన్సర్ డబ్బా పీకించేద్దామా?

పోయిన నెల మా ఇంట్లో కారు గురించి చిన్న యుద్ధమే జరిగింది. కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఆ కారు పొగ పీల్చేది మన పిల్లలే. దాని ఖర్చు వచ్చేదీ మన పోపుల డబ్బాలోంచే!

మాది 2006 మోడల్ పెట్రోలు కారు. ఏర్పేడు నుంచి తిరుపతికి పోవాలన్నా, శ్రీకాళహస్తికి పోవాలన్నా అదే దిక్కు. ఈ మధ్య ఎత్తు రోడ్డు వస్తే చాలు, మూలుగుతోంది. వెనక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. స్టీరింగ్ ముందర ఇంజను గుర్తున్న పసుపు దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. రోడ్డు పక్క షెడ్డులో చూపిస్తే మెకానిక్ కిందికి దూరి, లేచి, చేతులు తుడుచుకుంటూ తేల్చేశాడు.

“సైలెన్సర్‌కి ముందర ఒక డబ్బా ఉండాది సార్, కన్వర్టర్ అంటారు. అది మూసుకపోయింది. కొత్తదేస్తే వేలల్లో అవతాది. పీకేసి పైపు అతికిస్తా. బండి ఎగురుకుంటా పోతాది!”

మా వారి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం మనసొప్పలేదు. మా కారు నిలిపేది వంటింటి కిటికీ కింద. ఆ పక్క అరుగు మీదే మా చిన్నోడు చదువుకుంటాడు. చలికాలం వస్తే వాడికి ఛాతీలో పిల్లికూతలు. అందుకే “రెండు రోజులు ఆగండి” అన్నాను.

ఇంతకీ ఆ డబ్బా చేసే పనేమిటి? లోపల తేనెపట్టులాగా సన్నని గదులుంటాయి. వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడు అక్కడ కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి కూడా అక్కడే కాలిపోతుంది. ఊపిరితిత్తులను మండించే నైట్రోజన్ ఆక్సైడులు మామూలు నైట్రోజన్‌గా విడిపోతాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తాన్ని ప్రాణవాయువు కంటే సుమారు రెండు వందల రెట్లు గట్టిగా అంటుకుంటుంది. తలుపు మూసిన షెడ్డులో ఏ కారునూ స్టార్టు చేసి ఉంచకూడదనేది అందుకే.

మన దేశంలో ఈ డబ్బా 1995 ఏప్రిల్‌లో వచ్చింది. ముందుగా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే ఇది పాడైపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా దీనితోపాటే వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా అదే. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. ఆ విషం మన రోడ్ల మీద నుంచి పోవడంలో ఈ డబ్బాకూ వంతు ఉందన్నమాట!

ఇదంతా మా వారికి చెబుతుంటే, బియ్యం ఏరుతూ విన్న మా అత్తగారు ఒక్క మాటన్నారు. “కిరసనాయిలు స్టవ్వులో వత్తి పైకి లేస్తే గిన్నె మసి పడతాది. గిన్నె పారేస్తామా, వత్తి దించతామా?”

అసలు కిటుకు అక్కడే ఉంది అక్కయ్యలూ! ఆ డబ్బా దానంతటది ఊరికే మూసుకుపోదు. స్పార్క్ ప్లగ్గు సరిగ్గా మండకపోతే పచ్చి పెట్రోలు దాంట్లోకి పోయి, వేడికి లోపలి గదులు కరిగిపోతాయి. ఇంజను ఆయిలు తాగుతున్నా, పెట్రోలులో కిరసనాయిలు కల్తీ ఉన్నా అదే గతి. డబ్బా పీకేస్తే జబ్బు ఇంజనులోనే ఉండిపోతుంది. మూసుకుపోయిన డబ్బా తీస్తే బండి తేలికపడే మాట నిజమే. కానీ బాగున్న డబ్బా తీస్తే కలిసొచ్చే మైలేజీ దాదాపు ఏమీ ఉండదు. పైగా పీకిన డబ్బా మామూలు పాత ఇనుము కాదు, దాని లోపలి లోహాలకు మంచి ధర ఉంది.

చట్టం సంగతీ చూడండి. కంపెనీ అమర్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణ తర్వాత, కాలుష్యం హద్దు దాటితే జరిమానా 10,000 రూపాయల దాకా పడవచ్చు. మా కారుకు 15 ఏళ్ళ రిజిస్ట్రేషను 2021లో ముగిస్తే ఐదేళ్ళకు పొడిగించుకున్నాం. మళ్ళీ పొడిగించాలంటే పొగ పరీక్ష నెగ్గాలి. మా కారు కాలం వాటికి బండి నిలిపి ఉంచినప్పుడు కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం దాటకూడదు. డబ్బా లేకుండా ఆ లెక్క అందుకోవడం కష్టం.

చివరికి ఇంకో మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన ముందు ప్లగ్గులు విప్పాడు. నాలుగింటిలో ఒకటి నల్లగా తడిసి ఉంది, దాని వైరు చిట్లిపోయింది. ప్లగ్గులూ వైర్లూ మార్చి, గేజి పెట్టి చూస్తే డబ్బా ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. దీపం ఆరింది, వాసన పోయింది, పొగ పరీక్షా నెగ్గింది. కొత్త డబ్బా ఖర్చులో చిన్న వంతుతో పని జరిగింది. అందరికీ ఇంత సులువుగా తేలకపోవచ్చు. లోపలి గదులు కరిగిపోయి ఉంటే కొత్తది వేయించక తప్పదు. అప్పుడు కూడా ముందు ఇంజను బాగు చేయించాకే వేయించండి, లేకపోతే కొత్తదీ పాడవుతుంది.

మీరు గుర్తుంచుకోవలసినవి నాలుగు:

ఇంజను దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే దూరం పోకుండా వెంటనే చూపించండి.

నమ్మకమైన బంకులోనే పెట్రోలు పోయించి, రసీదు తీసుకోండి.

ఆ డబ్బా నిప్పులా కాలుతుంది. ఆరబోసిన వరిగడ్డి మీద, ఎండు గడ్డి మీద కారు నిలపకండి, అంటుకుంటుంది.

మెకానిక్ ఏ భాగం మార్చినా పాతది అడిగి తీసుకోండి.

డబ్బా అసలే లేని మరీ పాత కారైతే, కార్బురేటరు సరిచేయించి, ఆరు నెలలకోసారి పొగ పరీక్ష చేయిస్తే చాలు.

మా చిన్నోడు ఇప్పుడు కూడా ఆ అరుగు మీదే చదువుకుంటున్నాడు. వంటింటి కిటికీ కూడా తెరిచే ఉంచుతున్నాను. మరి మీ ఇంటి కారు సంగతేమిటి? ఈ ఆదివారం మీ వారిని ఒకసారి అడిగి చూడండి!